“నాణ్యత ఏమాత్రము తగ్గదు”: వీడియో రూపాంతర సాధనములపై ఒక విమర్శ

నాకు తెలిసిన ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రోపాధ్యాయులు తొమ్మిదవ తరగతి పిల్లలచేత స్వేచ్ఛాపతన ప్రయోగమును చేయించిరి. గోడకు మీటరు బద్దను నిలువుగా ఆన్చి, దాని ముందు ఒక చిన్న ఇనుపగుండును జారవిడిచి, అది పడుచుండగా సెల్‌ఫోనుతో వీడియో తీసిరి. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీయును. పాఠశాలలోని కంప్యూటరు పాతది. ఆ ఫైలును అది తెరువలేకపోయెను. అందుచే ఒక రూపాంతర సాధనమును తెచ్చి, ఫైలును వేరొక రూపములోనికి మార్చిరి. ఆ సాధనము మొదటి తెరమీదనే “నాణ్యత ఏమాత్రము తగ్గదు” అని పెద్ద అక్షరములతో ఉన్నది. పిల్లలు ఫ్రేములను ఒక్కొక్కటిగా నిలిపి, బద్దపై గుండు స్థానమును చదివి, గురుత్వ త్వరణమును లెక్క కట్టిరి. 9.8 రావలసినచోట 14.1 వచ్చినది. అంతటితో ఆగలేదు. ఒక బాలిక తన పట్టికను చూపి, “సార్, గుండు మధ్యలో కాస్త నెమ్మదయ్యిందండి” అన్నది. పడుచున్న గుండు నెమ్మదించుట ఏమి? ఉపాధ్యాయులు నవ్వి, ఆ పట్టికపై అడ్డముగ గీత గీసిరి.

ఆ బాలిక కొలత తప్పు కాదు. తప్పు ఎక్కడ దూరినదో తెలియవలెనన్న, ఆ సాధనము పలికిన మాటనే ముందు పరీక్షింపవలెను. ఏలన, రూపాంతర సాధనములలో చాలభాగము ఇదే మాట పలుకుచున్నవి. పలుకుటలో మూడు వేరువేరు అర్థములను ఒకే మాటక్రింద దాచుచున్నవి.

మనకు పరిచయమైన పోలిక ఒకటి చెప్పెదను. ఒక నగను చెక్కపెట్టెలోనుండి తీసి ఇనుపపెట్టెలో పెట్టినచో బంగారము ఒక్క గురిగింజ ఎత్తైనను తగ్గదు. ఆ నగనే కరిగించి వేరొక నగ చేయించినచో తరుగు తప్పదు. కంసాలి ఎంత మంచివాడైనను తరుగు కొద్దిగనో గొప్పగనో ఉండును. “తరుగు లేకుండ చేసెదను” అని ఒకడనినచో, అతడు పెట్టె మార్చుచున్నాడా, కరిగించుచున్నాడా అని మొదట అడుగవలెను. వీడియో ఫైళ్ళ విషయమునను అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదియే.

ఎం.పి.4, ఎం.కె.వి., ఎ.వి.ఐ., వెబ్‌ఎం అని మనము ఫైలు పేరు చివర చూచునవి పెట్టెల పేర్లు మాత్రమే. ఎ.వి.ఐ. 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ చేసిన పాతపెట్టె. ఎం.పి.4 ఆపిల్ సంస్థవారి క్విక్‌టైమ్ పెట్టె నమూనానుండి పుట్టినది. ఎం.కె.వి. అను దాని అసలు పేరు మత్రోస్కా, 2002లో మొదలైనది. ఒకదానిలో ఒకటి ఇమిడెడు రష్యా బొమ్మల పేరును దానికి పెట్టినారు. ఈ పెట్టెలలో బొమ్మల ధార ఒకటి, ధ్వని ధార ఒకటి, ఉపశీర్షికలు, ఏ ఫ్రేము ఏ క్షణమున కనబడవలెనో చెప్పు కాలసూచికలు ఉండును. లోపలి బొమ్మలు ఏ పద్ధతిలో కుదించి వ్రాయబడినవో అది వేరు సంగతి. ఆ పద్ధతినే కోడెక్ అందురు. 2003లో వచ్చిన హెచ్.264, 2013లో వచ్చిన హెచ్.265, 2018లో వచ్చిన ఎ.వి.1 అనునవి కోడెక్‌లు. ఒకే హెచ్.264 బొమ్మ ఎం.కె.వి. పెట్టెలోను ఉండవచ్చును, ఎం.పి.4 పెట్టెలోను ఉండవచ్చును.

కనుక ఎం.కె.వి. లోని హెచ్.264 వీడియో మీ టెలివిజనులో ఆడనిచో, పెక్కుసార్లు కావలసినది పెట్టె మార్పు మాత్రమే. ఒక గంట వీడియోకు ఈ పని కొన్ని సెకనులలోనో, ఒకటి రెండు నిమిషములలోనో అగును. డిస్కు చదువు వేగమే దానికి హద్దు. బొమ్మలోని ఒక్క బిట్టు కూడ మారదు. “నాణ్యత తగ్గదు” అను మాట ఇచ్చట అక్షరాల నిజము. అట్లని ప్రతి పెట్టెలోను ప్రతి వస్తువు పట్టదు. వెబ్‌ఎం పెట్టె వి.పి.8, వి.పి.9, ఎ.వి.1 బొమ్మలనే అంగీకరించును, హెచ్.264ను అంగీకరింపదు. ఫైలు పేరు చివరి అక్షరములను మాత్రము దిద్ది, రూపము మార్చితిననుకొనువారును కలరు. అది పెట్టెపై చీటీ మార్చుట. పెట్టె కూడ మారలేదు.

మన పాఠశాలలో జరిగినది పెట్టె మార్పుతో తీరునది కాదు. ఫోను హెచ్.265లో వ్రాసినది, పాత కంప్యూటరుకు ఆ కోడెక్ తెలియదు. నగను కరిగింపక తప్పలేదు. ఇక తరుగు ఎచ్చటనుండి వచ్చునో చూతము.

1920 అడ్డము, 1080 నిలువుగల ఒక ఫ్రేములో 20,73,600 పిక్సెళ్ళు ఉండును. మన కన్ను వెలుగుచీకట్లను చూచినంత సూక్ష్మముగ రంగులను చూడజాలదు. అందుచే నాలుగు పిక్సెళ్ళకు వెలుగు విలువలు నాలుగు, రంగు విలువలు మాత్రము రెండు వ్రాయుదురు. సగటున పిక్సెలుకు ఒకటిన్నర బైటు పడును. ఈ లెక్కన సెకనుకు 25 ఫ్రేములున్నచో ఒక సెకను వీడియోకు 7,77,60,000 బైట్లు, ఒక గంటకు దాదాపు 280 గిగాబైట్లు కావలెను. ఇదే వీడియోను సెకనుకు 16 మెగాబిట్ల చొప్పున కుదించి వ్రాసినచో గంటకు 7.2 గిగాబైట్లు చాలును. అనగా 39 పాళ్ళలో ఒక పాలు మిగిలినది. తక్కిన 38 పాళ్ళు ఏమైనవి? అన్నియు పారవేయబడలేదు. కదలని గోడను ప్రతి ఫ్రేములోను మరల వ్రాయక, “ముందటి ఫ్రేములో ఉన్నట్లే” అని చెప్పుటవలన చాలభాగము ఆదా అగును. ఇది తరుగు లేని పొదుపు. తరుగంతయు ఆ తరువాతి మెట్టులో ఉన్నది.

ఆ మెట్టుకు ఆధారమైన గణితమును 1974 జనవరిలో నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు అను ముగ్గురు ఒక చిన్న వ్యాసముగ ప్రకటించిరి. దానిని వివిక్త కొసైన్ పరివర్తనము అనవచ్చును. వీరిలో కామిశెట్టి రామమోహన రావు మద్రాసులో పుట్టి, గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో చిరకాలము బోధించిరి, 2021లో మరణించిరి. ఆ ఇంటిపేరు తెలుగువారికి పరాయిది కాదు. మన పాఠ్యపుస్తకములలో కొసైన్ అనిన త్రిభుజము గుర్తుకు వచ్చును గాని, సెల్‌ఫోనులోని బొమ్మ గుర్తుకు రాదు. గణితోపాధ్యాయులు ఈ ఒక్క ఉదాహరణమును తరగతిలో చెప్పిన బాగుండునని నా కోరిక.

ఆ పద్ధతి ఇది. చిన్న గడిలోని పిక్సెళ్ళ వెలుగులను వాటి సగటు, నెమ్మదిగ మారు భాగము, వేగముగ మారు భాగములు అని కొన్ని సంఖ్యలుగ విడదీయుదురు. విడదీయుటవలన నష్టము లేదు, తిరిగి కలుపవచ్చును. నష్టము ఆ సంఖ్యలను గుండ్రము చేయుటలో వచ్చును. ఒక సంఖ్య 53 అనుకొందము. మెట్టు 10 అయినచో 53ను 10చే భాగించి, దగ్గరి పూర్ణసంఖ్య 5ను వ్రాసికొందురు. తిరిగి విప్పునపుడు 50 వచ్చును. 3 పోయినది, ఇక రాదు. ఈ ఫైలును మరియొక సాధనము 8 మెట్టుతో మరల కుదించినదనుకొందము: 50ను 8చే భాగించగ 6.25, వ్రాయునది 6, విప్పిన వచ్చునది 48. మూడవసారి మెట్టు 10 అయినచో 4.8కు 5 వ్రాయబడి మరల 50 వచ్చును. 53 ఎన్నటికిని రాదు. ప్రతి సాధనమును తనకు అందినదే అసలైనదని నమ్మును. మొదటి సాధనము చేసిన పొరపాటును రెండవది జాగ్రత్తగ భద్రపరచి, దానికి తన పొరపాటును చేర్చును.

ఇచ్చట తెలివిగల విద్యార్థి ఒక ప్రశ్న వేయును: మెట్టు ఎల్లపుడు 10గానే ఉంచినచో 50 ఎల్లపుడు 50గానే ఉండును గదా, మరల మరల మార్చినను నష్టమేమి? మంచి ప్రశ్న. ఒంటరి నిశ్చలచిత్రము విషయములో ఇది చాలవరకు నిజము; నష్టము కొన్ని తడవలకు నిలిచిపోవును. వీడియోలో అట్లు కాదు. ఏ ఫ్రేమును పూర్తిగా వ్రాయవలెను, దేనిని ముందటిదానినుండి ఊహింపవలెను, ఏ గడిలో ఎంత మెట్టు అను నిర్ణయములు ప్రతి తడవ మారును. నిన్న పూర్తిగా వ్రాయబడిన ఫ్రేము నేడు ఊహింపబడినది కావచ్చును. కావుననే వీడియోలో తరుగు తడవ తడవకు పేరుకొనుచుండును. సందేశములు పంపు యాప్‌ల ద్వారా చేతులు మారి వచ్చిన పాఠముల వీడియోలో నల్లబల్లపై సుద్దగీతలు బూజు పట్టినట్లుండుటకు కారణమిదియే.

ఇప్పుడు సాధనముల మాటకు తిరిగి వత్తము. “నాణ్యత తగ్గదు” అనుదానికి మొదటి అర్థము పెట్టె మార్పు. రెండవ అర్థము నష్టరహిత సంకేతనము. ఇందులో గుండ్రము చేయుట ఉండదు. విప్పినపుడు ప్రతి పిక్సెలు ఉన్నది ఉన్నట్లు వచ్చును. ఎఫ్.ఎఫ్.వి.1 అను కోడెక్ ఇట్టిది. 2003లో పుట్టి, 2021లో ఇంటర్నెట్ సాంకేతిక వివరణపత్రముగ వెలువడినది. భాండాగారములవారు పాత టేపులను దాచుటకు దీనినే వాడుదురు. ఫ్రేములోని ఏ ముక్కయైన చెడినచో కనిపెట్టుటకు అందులో తనిఖీ అంకెలు కూడ కలవు. దీనికి వెల ఫైలు పరిమాణము. గంట వీడియోకు పదుల గిగాబైట్లు, కొన్నిసార్లు వందకు పైన పట్టును. పాఠశాల అవసరమునకు ఇది సాధారణముగ అనవసరము. పైగా ఫోనులో ఇదివరకే తరుగుపడి వచ్చిన వీడియోను ఎఫ్.ఎఫ్.వి.1లో పెట్టినంతమాత్రమున 50 తిరిగి 53 కాదు. ఫైలు పెద్దదైన బొమ్మ మేలైనదనుకొనుట మన దేశమున చాలమందికున్న భ్రమ. కొన్ని సాధనములు ఈ భ్రమను అమ్ముకొనుచున్నవి కూడ.

మూడవ అర్థము “కంటికి తేడా కనబడదు” అనునది. చాల సాధనములు వాగ్దానము చేయునది మొదటి రెండును కావు; ఇదియే. ఇందులో మోసమేమియు లేదు, మాటను సరిగ చెప్పినచో. హెచ్.264 వ్రాయు ఎక్స్.264 అను ప్రసిద్ధ సాధనములో నాణ్యతాంకమొకటి కలదు. 0 అనిన నష్టరహితము, 51 అనిన అతిహీనము; ఏమియు చెప్పనిచో 23. 17, 18 దగ్గర ఉంచినచో మామూలు దూరమునుండి చూచు కంటికి తేడా తెలియుట కష్టము. కాని ఎవరి కన్ను, ఎంత దూరమునుండి, ఏ పనికి? సినిమా చూచు కన్ను వేరు. బద్దపై మిల్లీమీటరు గీతను చదువు కన్ను వేరు.

ఈ దృష్టితో, ఎవరైనను ఉచితముగ తెచ్చుకొనదగిన రెండు సాధనములను పరిశీలించెదను.

ఒకటి ఎఫ్.ఎఫ్.ఎంపెగ్. ఫ్రాన్సు దేశస్థుడు ఫబ్రీస్ బెల్లార్డ్ 2000లో దీనిని ఆరంభించెను. బజారులోని రూపాంతర సాధనములలో అనేకము లోపల దీనినే దాచుకొని, పైన రంగుల తెర వేసికొన్నవి. దీని గొప్ప గుణము నిజాయితీ: ఏ ధారను చదివినది, ఏ ధారను వ్రాసినది, ఎన్ని ఫ్రేములు చేర్చినది, ఎన్ని వదలినది అన్నియు తెరపై చెప్పును. దీని గొప్ప లోపము ఊరక అడిగినవానికి చేయుపని. కోడెక్ స్థానమున “కాపీ” అని ప్రత్యేకముగ చెప్పినచో పెట్టె మాత్రము మార్చును. ఆ మాట చెప్పక, ఈ ఎం.కె.వి.ని ఎం.పి.4 చేయుమని మాత్రము ఆజ్ఞాపించినచో, లోపలి బొమ్మ పెట్టెలో ఉన్నదున్నట్లు పట్టునదైనను, సాధారణముగ దానిని విప్పి 23 నాణ్యతాంకముతో మరల కుదించును. అక్కరలేనిచోట కరిగించుట అన్నమాట. అడుగనిదే నగను కొలిమిలో వేయు కంసాలిని మనము మెచ్చము. చేయుచున్న పనిని తెరపై చెప్పుచునే ఉండును, నిజమే. ఆ తెరను చదువగల క్రొత్తవాడు ఎందరిలో ఒకడు? ఇంత విద్వత్తుగల పనిముట్టు ఈ ఒక్క విషయమున మొదటిమెట్టు విద్యార్థిని ఆదుకొనకపోవుట నాకు నచ్చలేదు.

రెండవది హ్యాండ్‌బ్రేక్. 2003లో ఎరిక్ పెటీ దీనిని మొదలుపెట్టెను. మీటలు, జాబితాలు గల తెర ఉన్నది, భయము లేదు. ఇది బొమ్మల ధారను ఎల్లపుడు మరల కుదించును. పెట్టె మాత్రము మార్చుట దీనికి చేతగాదు. ఆ సంగతిని దాని సహాయపత్రములు దాచవు, ఇది మెచ్చదగినది. నా ఆక్షేపణ దాని సిద్ధపు అమరికల మీద. తెరువగానే సిద్ధముగ ఉండు అమరిక పేరులోనే 30 అను అంకె ఉన్నది. దాని అర్థము సెకనుకు 30 ఫ్రేములకు మించనీయదని. ఫోనులో 60 ఫ్రేములతో తీసిన లోలకపు వీడియోను దీనిలో వేసి, ఏమియు మార్చక మీట నొక్కినచో సగము ఫ్రేములు పోవును. సినిమా చూచువానికి ఆ నష్టము తోచదు. ఫ్రేములే గడియారపు ముల్లులుగ గల విద్యార్థికి సగము గడియారము పోయినట్లే. “మూలములో ఉన్నట్లే” అను అమరికను ఎన్నుకొని, స్థిరవేగము బదులు మూలపు కాలసూచికలనే ఉంచుమని చెప్పినచో ఈ చిక్కు తొలగును. రెండు మీటల పని. కాని అది తెలియవలెను గదా.

ఇంటర్నెట్‌లో ఫైలును పంపించి మార్పించుకొను ఉచిత సేవలను గూర్చి ఎక్కువ చెప్పను. ఏ నాణ్యతాంకము వాడునో వాటిలో చాలభాగము చెప్పవు. పిల్లల ముఖములు కనబడు వీడియోలను తెలియని కంప్యూటరుకు పంపుట వేరొక దోషము.

ఇప్పుడు ఇనుపగుండు దగ్గరకు. ఆ పాఠశాలలో వాడిన సాధనము బొమ్మను బాగుగనే కుదించినది. పిల్లలు ప్రక్కప్రక్కన పెట్టి చూచినను తేడా కనబడలేదు. కాని దాని సిద్ధపు అమరిక సెకనుకు 25 ఫ్రేములు. 30ని 25 చేయుటకు అది ప్రతి ఆరు ఫ్రేములలో ఒకదానిని తీసివేసినది. మిగిలినవాటిని సమాన వ్యవధులతో మరల పరచినది. ఆరంభమునుండి లెక్కించి, మూలములో 0, 1, 2, 3, 4, 5, 6 అను ఫ్రేములుండగ 5వది పోయినదనుకొందము. మూలములో గుండు పడిన దూరములు సెంటీమీటర్లలో వరుసగ 0, 0.54, 2.18, 4.90, 8.71, 13.61, 19.60, 26.68, 34.84. ఒక్కొక్క ఫ్రేములో పడిన దూరము 0.54, 1.63, 2.72, 3.81, 4.90, 5.99, 7.08, 8.17 అని క్రమముగ 1.09 చొప్పున పెరుగుచున్నది. స్థిరత్వరణమునకు ఇంతకన్న సొగసైన గుర్తు లేదు. 5వ ఫ్రేమును తీసివేయగనే 3.81 తరువాత 10.89 వచ్చును, దాని తరువాత 7.08. గుండు ఒక్కసారి దూకి, వెంటనే నెమ్మదించినది! ఆ బాలిక చూచినది అక్షరాల ఇదియే. ఆమె బద్దను సరిగ చదివినది, నిజాయితీగ వ్రాసినది. ఆమె ముందుంచిన సాక్షియే అబద్ధమాడినది.

14.1 సంగతియు ఇందులోనిదే. గుండు 78.4 సెంటీమీటర్లు పడుటకు 0.4 సెకను పట్టును. మూలములో అది 12 ఫ్రేముల వ్యవధి. క్రొత్త ఫైలులో 10. ఫోను 30 ఫ్రేములు తీయునని తెలిసిన పిల్లలు పదింటిని ముప్పదిచే భాగించి కాలము 0.333 సెకను అనుకొనిరి. కాలము ఆరింట అయిదు వంతులైనచో త్వరణము దాని వర్గపు విలోమములో, అనగా 1.44 రెట్లు పెరుగును. 9.8ని 1.44తో గుణించి చూడుడు. 25 అను అంకె తెలిసి లెక్క కట్టినచో 9.8 వచ్చెడిది, కాని దూకుడు, నెమ్మది మాత్రము పోయెడివి కావు. మొత్తము సరియై, నడుమ అంతయు తప్పైన పట్టిక మరింత ప్రమాదకరము.

ఇది నాణ్యత తగ్గుట కాదా? సాధనమువారి మాటలో నాణ్యత యనిన బొమ్మ మెరుపు. కాలము వారి లెక్కలో లేదు. రంగును తరచుగ లేదు. పాత టెలివిజను బొమ్మలకు 601, పెద్ద బొమ్మలకు 709 అని రంగుల సూత్రములు రెండున్నవి. ఒకదానితో వ్రాసి మరియొకదానితో విప్పినచో ఎరుపులు, ఆకుపచ్చలు కొద్దిగ ప్రక్కకు జరుగును. అంశమాపనములో రంగు మారు క్షణమును వీడియోలో చూపదలచిన రసాయనశాస్త్రోపాధ్యాయులు దీనిని గమనింపవలెను. ఫోనుల సంగతియు ఒకటి: అవి 30 అని చెప్పినను, వెలుతురు చాలనిచోట ఫ్రేమునకు ఫ్రేమునకు మధ్య వ్యవధిని కొంత సాగదీయుట కలదు. కాలసూచికలను చూడకుండ ఫ్రేములను మాత్రము లెక్కించుట ఏ ఫైలులోనైనను నమ్మదగినది కాదు.

నాణ్యతను అంకెలలో కొలువవచ్చును గదా యందురు. కొలతలున్నవి. పాతది పి.ఎస్.ఎన్.ఆర్.; రెండు బొమ్మలలో పిక్సెలుకు పిక్సెలు తేడాను తీసి, వర్గము చేసి, సగటు కట్టి, దానిని డెసిబెల్లుగ చెప్పునది. 2004లో ఎస్.ఎస్.ఐ.ఎం. వచ్చినది. 2016లో నెట్‌ఫ్లిక్స్ సంస్థ వి.ఎం.ఎ.ఎఫ్. అనుదానిని ప్రకటించెను, మనుష్యులు చూచి ఇచ్చిన మార్కులతో శిక్షణ పొంది 0నుండి 100లోపల మార్కు వేయునది. మూడును ఉపయోగకరములే. కాని సగటును నమ్ముటలో ఉన్న చిక్కును ఒక లెక్కతో చూపెదను. ఒక బొమ్మలో ప్రతి పిక్సెలును 2 చొప్పున తప్పినదనుకొందము. వర్గముల సగటు 4, పి.ఎస్.ఎన్.ఆర్. 42.1 డెసిబెల్లు. ఇంకొక బొమ్మలో నూటికి తొంబదితొమ్మిది పిక్సెళ్ళు సరిగ ఉండి, ఒక్కటి మాత్రము 20 చొప్పున తప్పినదనుకొందము. 400లో నూరవ వంతు మరల 4; అదే 42.1. మొదటి బొమ్మలో ఎవరికిని ఏ తేడాయు కనబడదు. రెండవదానిలో ఆ ఒక శాతము మీటరు బద్దపై గీతలైనచో, ప్రయోగమే పోయినది. కొలత రెండింటికిని ఒకే మార్కు వేసినది. వి.ఎం.ఎ.ఎఫ్. ఇంతకన్న తెలివైనదే కాని, అది సినిమాలు, ధారావాహికలు చూచువారి తృప్తిని నేర్చినది. బద్ద చదువుట దానికెవరును నేర్పలేదు. “95 మార్కులు వచ్చినవి” అని పెట్టెపై వ్రాసికొను సాధనమును గూర్చి, ఏ వీడియోమీద, ఏ ఫ్రేములో కనిష్ఠముగ ఎంత వచ్చినదని అడుగవలెను.

అయినను, నష్టమేమియు లేదను మాటను ఋజువు చేయుటకు సుళువైన ఉపాయము ఉన్నది. ఎఫ్.ఎఫ్.ఎంపెగ్‌లోనే ప్రతి ఫ్రేమును విప్పి దానికొక వ్రేలిముద్ర వంటి సంఖ్యను కట్టు సౌకర్యము కలదు. 32 అక్షరముల ఆ సంఖ్యలను రెండు ఫైళ్ళకును వ్రాయించి పోల్చుడు. ఒక్క పిక్సెలులో ఒక్క మెట్టు మారినను ఆ ఫ్రేము సంఖ్య పూర్తిగా మారిపోవును. పెట్టె మార్పులోను, నష్టరహిత సంకేతనములోను రెండు జాబితాలు ఆద్యంతము కలియవలెను. కలియనిచో వాగ్దానము తప్పినట్లే, వాదము అక్కరలేదు. మామూలు కుదింపులో అవి కలియవు. అచ్చట కనీసము ఫ్రేముల సంఖ్యను, కాలసూచికలను పోల్చవచ్చును. 12 సెకనుల వీడియోలో మూలమున 360 ఫ్రేములుండి, మారినదానిలో 300 ఉన్నచో, బొమ్మ ఎంత మెరయుచున్నను ఆ ఫైలు కొలతకు పనికిరాదు. ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయగల పరీక్ష ఇది.

ఆ ఉపాధ్యాయుల దగ్గర మూల వీడియో మిగులలేదు. చోటు చాలక ఫోనులోనుండి తుడిచివేసినారట. ఎం.పి.4 చేతిలో ఉన్నది గదా, నాణ్యత తగ్గలేదు గదా అని. అందుచే అదే గోడవద్ద, అదే బద్దతో, అదే గుండుతో ప్రయోగమును మరల చేసిరి. ఈసారి ఫ్రేముల సంఖ్యను ముట్టుకొనకుండ, నాణ్యతాంకము 18తో హెచ్.264లోనికి మార్చి, రెండు ఫైళ్ళలోను ఫ్రేములు సమానముగ ఉన్నవని ముందే సరిచూచుకొనిరి. త్వరణము 9.8కి దరిదాపుగ వచ్చినది. ఆ బాలిక పాత పట్టికపై గీసిన గీతను ఉపాధ్యాయులు రబ్బరుతో తుడిచి, ప్రక్కన “కొలత సరియైనది” అని వ్రాసి సంతకము చేసిరి. పాత పట్టిక, క్రొత్త పట్టిక ఇప్పుడు ఆ ప్రయోగశాల గోడమీద ప్రక్కప్రక్కన అంటించి ఉన్నవి.